డగ్లస్ ఎంగెల్‌బార్ట్

డగ్లస్ కార్ల్ ఎంగెల్‌బార్ట్ (1925 జనవరి 30 - 2013 జూలై 2) అమెరికాకు చెందిన ఎలక్ట్రికల్ ఇంజనీరు, కంప్యూటరు శాస్త్రవేత్త. కంప్యూటరు మౌస్‌ను కనుగొన్న వ్యక్తిగా ప్రపంచమంతటా ప్రసిద్ధుడు. అయితే మౌస్ ఆయన దృష్టిలో ఒక పెద్ద పనిముట్ల పెట్టెలోని చిన్న పనిముట్టు మాత్రమే. తెరపై ఉన్న పాఠ్యంలో ఒక చోటును చూపించడానికి ఏ పరికరం అనువైనదో తేల్చుకొనేందుకు ఆయన బృందం అప్పట్లో దొరికిన పరికరాలన్నిటినీ తెచ్చి, మనుషుల చేత వాడించి, గడియారం పట్టి కొలిచింది. ఆ పోటీలో గెలిచినది మౌస్. లింకులతో కూడిన పాఠ్యం, తెరపై పాఠ్యాన్ని సవరించడం, దూరాన ఉన్న వ్యక్తితో ఒకే తెరపై కలిసి పనిచేయడం వంటి అనేక విషయాలను 1968లోనే ఆయన పనిచేయించి చూపించాడు. వీటిలో చాలా భాగం ప్రజలకు అందడానికి ఇరవై, ముప్పై ఏళ్ళు పట్టింది.

బాల్యం, విద్య

ఎంగెల్‌బార్ట్ ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నగరంలో కార్ల్, గ్లాడిస్ దంపతులకు జన్మించాడు. ముగ్గురు పిల్లలలో రెండవవాడు. తండ్రి రేడియో దుకాణం నడిపేవాడు. డగ్లస్‌కు తొమ్మిదేళ్ళ వయసులో తండ్రి మరణించాడు. అది ఆర్థిక మాంద్యపు కాలం. కుటుంబం నగరం వెలుపల జాన్సన్ క్రీక్ అనే వాగు పక్కన పల్లె వాతావరణంలో నివసించింది. 1942లో పోర్ట్‌లాండ్‌లోని ఫ్రాంక్లిన్ ఉన్నత పాఠశాలలో చదువు ముగించుకొని, కొర్వాలిస్‌లోని ఒరెగాన్ స్టేట్ కళాశాలలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగులో చేరాడు.

రెండవ ప్రపంచ యుద్ధం వలన చదువు మధ్యలో ఆగిపోయింది. నౌకాదళంలో రాడార్ సాంకేతిక నిపుణుడిగా శిక్షణ పొంది ఫిలిప్పీన్స్ వెళ్ళాడు. అక్కడి లెయిటె ద్వీపంలో, కొయ్య స్తంభాలపై కట్టిన ఒక గుడిసెలో రెడ్‌క్రాస్ వారు నడిపే చిన్న గ్రంథాలయం ఉండేది. వానెవార్ బుష్ 1945లో వ్రాసిన వ్యాసం ఒకటి ఆయన అక్కడ చదివాడు. పెరిగిపోతున్న విజ్ఞానాన్ని మనిషి దాచుకొని, ఒకదానితో ఒకటి ముడివేసి, కావలసినప్పుడు తిరిగి తీసుకొనే ఒక బల్లయంత్రాన్ని బుష్ ఆ వ్యాసంలో ఊహించాడు. ఆ ఊహ ఎంగెల్‌బార్ట్ మనసులో నాటుకుపోయింది. మొలకెత్తడానికి మాత్రం కొన్నేళ్ళు పట్టింది. యుద్ధానంతరం కళాశాలకు తిరిగి వచ్చి 1948లో పట్టా పుచ్చుకొన్నాడు. తరువాత కాలిఫోర్నియాలోని ఏమ్స్ పరిశోధనా కేంద్రంలో ఉద్యోగంలో చేరాడు. నాసా ఏర్పడటానికి పూర్వం అదే పనిని చూసిన నాకా సంస్థకు చెందిన కేంద్రమిది.

జీవిత లక్ష్యం

1950 డిసెంబరులో బల్లార్డ్ ఫిష్‌తో ఆయనకు వివాహం నిశ్చయమయింది. చేతిలో స్థిరమైన ఉద్యోగం, రాబోయే సంసారం, ఆపైన మరే గమ్యమూ లేకపోవడం ఆయనను ఆలోచనలో పడవేసింది. మిగిలిన జీవితాన్ని దేనికి వెచ్చించాలన్న ప్రశ్నకు చాలా రోజులు మథనపడి ఒక సమాధానానికి వచ్చాడు. ప్రపంచంలోని సమస్యలు నానాటికీ జటిలమవుతున్నాయి, వాటిని పరిష్కరించుకొనే సామర్థ్యం మనుషులలో అదే వేగంతో పెరగడం లేదు, కనుక ఆ సామర్థ్యాన్ని పెంచే సాధనాలపై పనిచేయాలి అని తీర్మానించుకొన్నాడు. రాడార్ తెర ముందు కూర్చొన్న అనుభవం ఇక్కడ ఉపయోగపడింది. యంత్రం తెరపై గుర్తులు గీయగలిగినప్పుడు అక్షరాలూ చూపగలదు, మనిషి దానికి బదులు చెప్పే మార్గమూ ఉండాలి అని ఆయన ఊహ. కంప్యూటరంటే అప్పటి ఇంజనీర్లలో చాలామందికి లెక్కలు చేసే యంత్రమే. చిల్లుల కార్డుల కట్టను ఇచ్చి, ఫలితం కోసం గంటల తరబడి వేచి ఉండే రోజులవి.

1951 మే 5న వారి వివాహం జరిగింది. అదే ఏడు ఉద్యోగం వదలి బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరి 1953లో ఎం.ఎస్., 1955లో పి.హెచ్.డి. పొందాడు. అక్కడ నిర్మాణంలో ఉన్న కాల్‌డిక్ అనే తొలితరం కంప్యూటరు పనిలో పాల్గొన్నాడు. ఒక సంవత్సరం అక్కడే సహాయ ఆచార్యుడిగా పనిచేసినా, తన ఆలోచనలకు విశ్వవిద్యాలయంలో చోటు దొరకదని గ్రహించి బయటికి వచ్చాడు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థ

1957లో మెన్లో పార్క్‌లోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో చేరాడు. మొదట అయస్కాంత పరికరాలపై పనిచేసి పలు పేటెంట్లు సంపాదించాడు. తన అసలు ఆశయాన్ని 1962 అక్టోబరులో మానవ మేధస్సును పెంపొందించడం గురించిన సుదీర్ఘ నివేదికగా వెలువరించాడు. మనిషి, అతని భాష, పనిముట్లు, పనిచేసే పద్ధతి, పొందిన శిక్షణ ఇవన్నీ కలిసి ఒకే వ్యవస్థ అనీ, వీటిలో ఒక్కదానిని మార్చి మిగిలినవాటిని వదిలేస్తే ప్రయోజనం పరిమితమనీ ఈ నివేదిక సారాంశం. శిక్షణ అన్న మాటను ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆయన జీవితంలోని గెలుపోటములు రెండూ దీని చుట్టూనే తిరిగాయి.

రక్షణ శాఖకు చెందిన ఆర్పా సంస్థలో లిక్‌లైడర్, నాసాలో రాబర్ట్ టేలర్ ఈ పనికి నిధులు ఇప్పించారు. ఆ విధంగా ఎంగెల్‌బార్ట్ నాయకత్వంలో ఒక ప్రయోగశాల ఏర్పడి, క్రమంగా ఆగ్మెంటేషన్ పరిశోధనా కేంద్రంగా పేరుపొందింది. ఇంజనీరు బిల్ ఇంగ్లీష్ ఆయనకు కుడిభుజంగా నిలిచాడు. ఎంగెల్‌బార్ట్ ఊహించేవాడు, ఇంగ్లీష్ దానిని పనిచేసే వస్తువుగా చేసి పెట్టేవాడు.

మౌస్ పుట్టుక

1961లో కంప్యూటరు చిత్రాలకు సంబంధించిన ఒక సమావేశంలో కూర్చొని ఉన్నప్పుడు ఎంగెల్‌బార్ట్‌కు ప్లానిమీటరు గుర్తుకు వచ్చింది. పటంపై గీసిన హద్దు వెంబడి నడిపితే లోపలి వైశాల్యాన్ని చెప్పే చిన్న చక్రపు పరికరమది. ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు చక్రాలను బల్లపై నడిపితే, ఒకటి అడ్డంగా జరిగిన దూరాన్ని, రెండవది నిలువుగా జరిగిన దూరాన్ని చెప్పగలవని తన పుస్తకంలో వ్రాసుకొన్నాడు. 1964లో బిల్ ఇంగ్లీష్ దానిని తయారు చేయించాడు. పైన చెక్క డొల్ల, ఒక మూల ఒకే ఒక ఎర్రని మీట, అడుగున రెండు లోహపు చక్రాలు. పరికరాన్ని అడ్డంగా జరిపితే ఒక చక్రం దొర్లుతుంది, రెండవది దొర్లకుండా పక్కకు జారుతుంది. ఐమూలగా జరిపితే రెండూ కొంత దొర్లుతాయి, కొంత జారుతాయి. చక్రం తిరిగినంత మేరకు దానికి తగిలించిన విద్యుత్ నిరోధకం విలువ మారుతుంది, ఆ మార్పును కంప్యూటరు చదువుకొంటుంది.

మొదట దాని తీగ చేతి మణికట్టు వైపు నుండి బయటికి వచ్చేది. చేతికి అడ్డు తగులుతుండటంతో తరువాత దానిని ముందు వైపుకు మార్చారు. తోకతో ఎలుకలాగా కనిపించడం వలన ప్రయోగశాలలో అందరూ మౌస్ అని పిలవసాగారు. ఆ పేరు ఎవరు పెట్టారన్నది ఎవరికీ గుర్తు లేదు. మంచి పేరేదైనా తరువాత పెట్టవచ్చని అనుకొన్నారు గాని, ఆ తరువాత అన్నది రాలేదు.

చేతితో నడిపి తెరపై గుర్తును కదిలించే పరికరాలలో ఇదే మొదటిది కాదు. బ్రిటిష్ నౌకాదళం కోసం రాల్ఫ్ బెంజమిన్ 1946లో ఒక బంతి పరికరాన్ని రూపొందించాడు. కెనడా నౌకాదళపు డాటార్ వ్యవస్థలో 1952లో బౌలింగ్ ఆట బంతినే ట్రాక్‌బాల్‌గా వాడారు. ఇవి సైనిక రహస్యాలుగా ఉండిపోయాయి. జర్మనీకి చెందిన టెలిఫుంకెన్ సంస్థ కూడా 1968లో, ఎంగెల్‌బార్ట్ బృందంతో ఏ సంబంధమూ లేకుండా, అడుగున బంతి ఉన్న మౌస్‌ను అమ్మకానికి పెట్టింది.

పరికరాల పోటీ

తాను ఊహించినదే కనుక మౌస్‌నే వాడాలని ఎంగెల్‌బార్ట్ నిర్ణయించి ఉంటే అడిగేవారు లేరు. ఆయన అలా చేయలేదు. నాసా నిధులతో లైట్ పెన్ను, జాయ్‌స్టిక్, గ్రాఫకాన్, మోకాలి మీట, మౌస్ అన్నిటినీ ఒకే కంప్యూటరుకు తగిలించి పరీక్షించారు. లైట్ పెన్నును తెరకే ఆనించాలి. గ్రాఫకాన్ ఒక ఇరుసు చుట్టూ తిరుగుతూ లోపలికి, బయటికి జరిగే కడ్డీ. జాయ్‌స్టిక్‌ను రెండు పద్ధతులలో వాడి చూశారు. మోకాలి మీట బల్ల కింద ఉంటుంది. మోకాలిని అటూ ఇటూ కదిపితే గుర్తు అడ్డంగా, పైకి కిందికి కదిపితే నిలువుగా కదులుతుంది. చేతులు కీబోర్డు మీదనే ఉంటాయి కనుక ఇది ఎంగెల్‌బార్ట్‌కు ఇష్టమైన ఆలోచన.

పరీక్షలో పాల్గొనే వ్యక్తి మొదట కుడిచేతితో కీబోర్డు మీద ఖాళీల మీటను నొక్కాలి. తరువాత చేతిని పరికరం వద్దకు తీసుకొనిపోయి, తెర మీది లక్ష్యానికి గుర్తును చేర్చి, మీట నొక్కాలి. కీబోర్డు నుండి పరికరానికి చేయి పోవడానికి పట్టే కాలాన్ని కూడా లెక్కలో చేర్చడం ఈ పరీక్షలోని తెలివి. లైట్ పెన్ను తెరపై ఎంత చురుకుగా కదిలినా, దానిని వెతికి పట్టుకొని పైకెత్తాలి గదా! పాలమూరు జిల్లాలో భాగంగా ఉండి 2019లో నారాయణపేట జిల్లాలోకి వచ్చిన మక్తల్ వంటి పట్టణంలో దరఖాస్తులు నింపే కంప్యూటరు ఆపరేటరును కాసేపు గమనిస్తే ఈ లెక్క అర్థమవుతుంది. పేరు కొట్టడానికి కీబోర్డు, గడి మార్చడానికి మౌస్, మళ్ళీ కీబోర్డు. గుర్తు కదిలే కాలం కన్నా చేయి అటూ ఇటూ తిరిగే కాలమే విసుగు పుట్టిస్తుంది.

ఫలితాలను ఇంగ్లీష్, ఎంగెల్‌బార్ట్, బెర్మన్ 1967లో పరిశోధనా పత్రంగా ప్రచురించారు. అలవాటు పడినవారిలో మౌస్ అన్నిటికంటే వేగంగా పనిచేసింది, తప్పులూ అన్నిటికంటే తక్కువ. కొత్తవారి విషయం వేరు. వారికి మోకాలి మీట, లైట్ పెన్ను మౌస్ కంటే త్వరగా పట్టుబడ్డాయి. నేడు అందరూ పుట్టుకతోనే వచ్చినట్లు భావించే మౌస్ నిజానికి కొంత సాధన తరువాత గెలిచిన పరికరం అన్నమాట. చేయి బల్లపై ఆనుకొని ఉండటం వలన అలసట లేకపోవడం, వదిలేస్తే ఉన్నచోటనే ఉండిపోవడం, చేతిలోకి తీసుకోవడానికి కాలం పట్టకపోవడం దాని బలాలుగా తేలాయి.

ఎంగెల్‌బార్ట్ పేరుతో 1967 జూన్ 21న పేటెంటు దరఖాస్తు దాఖలయింది, 1970 నవంబరు 17న మంజూరయింది. పేటెంటులో మౌస్ అన్న పేరు శీర్షికగా లేదు. తెరపై అడ్డం, నిలువు స్థానాలను సూచించే పరికరంగా మాత్రమే పేర్కొన్నారు.

ఎడమచేతికి ఐదు మీటలు

ప్రయోగశాలలో స్థిరపడిన మౌస్‌కు మూడు మీటలు ఉండేవి. ఆ డొల్లపై పట్టినవి మూడే కనుక మూడు పెట్టారు. ఇది కుడిచేతికి. ఎడమచేతి కింద పియానో మెట్లను పోలిన ఐదు మీటల పలక ఒకటి ఉండేది. ఒకేసారి ఒకటి గాని, రెండు మూడు కలిపి గాని నొక్కితే 31 రకాల కలయికలు వస్తాయి. ఆంగ్ల అక్షరాలన్నిటికీ ఇవి చాలు. మౌస్ మీటలను కూడా కలిపి నొక్కితే పెద్ద అక్షరాలు, అంకెలు వస్తాయి. కుడిచేయి స్థలాన్ని చూపిస్తుంటే ఎడమచేయి ఆజ్ఞను ఇస్తుంది. కీబోర్డు వద్దకు తిరిగి వెళ్ళవలసిన పని చాలావరకు తప్పుతుంది. దీనిని నేర్చుకోవడానికి మాత్రం ఓపిక కావాలి.

తెలుగు టైపు చేసేవారికి ఈ సమస్య కొత్తది కాదు. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపు, హల్లులు కుడిచేతి వైపు ఉంటాయి. రెండు చేతులకూ పని పంచిన ఈ అమరికను ముందుగా నేర్చుకోవాలి. ఆంగ్ల అక్షరాలతో తెలుగు వ్రాసే పద్ధతిలో అయితే మొదటి రోజే పేజీ నింపవచ్చు. ఎక్కువమంది రెండవదానినే ఎంచుకొన్నారు.

1968 ప్రదర్శన

1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన కంప్యూటరు సమావేశంలో సుమారు వెయ్యిమంది ఎదుట ఎంగెల్‌బార్ట్ తన ఎన్.ఎల్.ఎస్. అనే వ్యవస్థను 90 నిమిషాలపాటు ప్రదర్శించాడు. ఆయన వేదికపై మౌస్, కీబోర్డు, ఐదు మీటల పలక ముందు కూర్చొన్నాడు. కంప్యూటరు మాత్రం 30 మైళ్ళ దూరాన మెన్లో పార్క్‌లో ఉంది. రెండు చోట్లనూ కలిపే ఏర్పాట్లను బిల్ ఇంగ్లీష్ తెర వెనుక నుండి నడిపించాడు. ఇంటికి కావలసిన సరుకుల జాబితాను తెరపై వ్రాసి, వర్గాలుగా విడదీసి, ఏ వస్తువు ఏ దుకాణంలో తీసుకోవాలో దారి పటం మీద చూపించాడు. ఒక పదం మీద నొక్కి మరొక పత్రంలోకి వెళ్ళాడు. మెన్లో పార్క్‌లోని సహచరుడి ముఖం తెర మీద ఒక మూల కనిపిస్తుండగా ఇద్దరూ ఒకే పత్రంపై పనిచేశారు. ఏదైనా తీగ తెగినా, యంత్రం మొరాయించినా ప్రయోగశాల పరువు, దానితోపాటు నిధులు పోయే ప్రమాదముండేది. అదేమీ జరగలేదు. సభ లేచి నిలబడి కరతాళధ్వనులు చేసింది. 1994లో స్టీవెన్ లెవీ తన పుస్తకంలో దీనిని ప్రదర్శనలన్నిటికీ తల్లిగా వర్ణించడంతో ఆ పేరే స్థిరపడింది.

1969 అక్టోబరు 29న ఆర్పానెట్‌లో మొదటి సందేశం లాస్ ఏంజెలెస్ నుండి బయలుదేరినపుడు దానిని అందుకొన్న రెండవ కేంద్రం స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలోని ఈ ప్రయోగశాలదే.

మౌస్ ఒక్కటే బయటికి

ప్రదర్శన తరువాత రావలసిన విస్తరణ రాలేదు. ఎన్.ఎల్.ఎస్. వాడాలంటే ఎన్నో ఆజ్ఞలను కంఠస్థం చేయాలి. మూడు చక్రాల సైకిలు ఎవరైనా వెంటనే తొక్కగలరు, రెండు చక్రాల సైకిలుకు పడిలేవడం తప్పదు, అయినా దూరప్రయాణానికి రెండవదే కావాలి అన్న పోలికను ఎంగెల్‌బార్ట్ తరచుగా వాడేవాడు. ఆయన శిష్యులలో పలువురికి ఈ వాదన నచ్చలేదు. బిల్ ఇంగ్లీష్ 1971లో కొత్తగా ఏర్పడిన జిరాక్స్ పార్క్ పరిశోధనా కేంద్రానికి వెళ్ళిపోయాడు. మరికొందరు ఆయన బాట పట్టారు. అక్కడ చక్రాల స్థానంలో బంతి వచ్చింది. 1973లో తయారైన జిరాక్స్ ఆల్టో కంప్యూటరుకు మౌస్ అమర్చారు. 1978లో కార్డ్, ఇంగ్లీష్, బర్ జరిపిన మరొక పరీక్షలో, మౌస్ నడిపేవారి వేగం మనిషి చేతి సహజ వేగానికి దగ్గరగా ఉందని తేలింది. అంతకు మించిన పరికరం కోసం వెతకవలసిన అవసరం పెద్దగా లేదని దీని తాత్పర్యం.

1981లో జిరాక్స్ స్టార్ రెండు మీటల మౌస్‌తో, 1983లో ఆపిల్ లీసా, 1984లో మెకింటాష్ ఒకే మీటతో వచ్చాయి. మూడు నుండి ఒకటికి రావడంలోనే కథ అంతా ఉంది. కొనేవాడు ఏ మీట నొక్కాలా అని క్షణం కూడా ఆలోచించకూడదన్నది ఆపిల్ ఉద్దేశం, నేర్చుకొన్నవాడు ఎక్కువ చేయగలగాలన్నది ఎంగెల్‌బార్ట్ ఉద్దేశం. ఐదు మీటల పలకను ఆపిల్ తీసుకోలేదు. 1996లో మైక్రోసాఫ్ట్ మౌస్‌కు తిరిగే చక్రం, ఆ తరువాత కాంతితో పనిచేసే మౌస్‌లు, 1994 నుండి ఆపిల్ పవర్‌బుక్‌లలో వేలితో రాసే ట్రాక్‌ప్యాడ్ వచ్చాయి. మీటలను ఎడమచేతివాటం వారికి అనుగుణంగా తారుమారు చేసుకొనడం, గుర్తు వేగాన్ని చేతికి తగినట్లు మార్చుకొనడం మామూలు విషయాలయ్యాయి. ఆటలు ఆడేవారి కోసం పక్కన అరడజను మీటలున్న మౌస్‌లను చూస్తే, తీసివేసిన మీటలు మరొక దారిన తిరిగి వచ్చినట్లు కనిపిస్తుంది.

మౌస్ పేటెంటు హక్కులు పరిశోధనా సంస్థవి. ఆపిల్ సంస్థకు సుమారు 40 వేల డాలర్లకు అనుమతి ఇచ్చినట్లు ఎంగెల్‌బార్ట్ తరువాతి కాలంలో తెలిపాడు. 1987లో, మౌస్ ఇంటింటికీ చేరడానికి ముందే, పేటెంటు గడువు తీరిపోయింది. ఎంగెల్‌బార్ట్‌కు రాయల్టీ ఏమీ అందలేదు.

తరువాతి జీవితం

1970ల మధ్యలో ఆర్పా నిధులు తగ్గిపోయాయి. 1977లో పరిశోధనా సంస్థ ఎన్.ఎల్.ఎస్.ను టైమ్‌షేర్ అనే వ్యాపార సంస్థకు అమ్మివేసింది. సాఫ్ట్‌వేరుతోపాటు ఎంగెల్‌బార్ట్ కూడా అక్కడికి మారాడు. నాయకత్వం వహించినచోట ఆయన ఇప్పుడొక మామూలు ఉద్యోగి. 1984లో టైమ్‌షేర్‌ను మెక్‌డోనెల్ డగ్లస్ అనే విమానాల సంస్థ కొనుగోలు చేసింది. 1986లో ఎంగెల్‌బార్ట్ పదవీ విరమణ చేశాడు.

1988లో కుమార్తె క్రిస్టీనాతో కలిసి బూట్‌స్ట్రాప్ సంస్థను స్థాపించి తన ఆలోచనలను ప్రచారం చేశాడు. ఫ్రీమాంట్‌లో ఈ సంస్థకు అద్దె లేకుండా గదులు ఇచ్చినది మౌస్‌ల తయారీలో పేరొందిన లాజిటెక్. ఆయన ఆ గదులలో కూర్చొని సందర్శకులకు మౌస్ గురించి గాక, మనుషులు కలిసి ఆలోచించే పద్ధతుల గురించే చెప్పేవాడు. అడగవచ్చినవారు మాత్రం ఎక్కువగా మౌస్ గురించే అడిగేవారు.

1997లో లెమెల్సన్-ఎం.ఐ.టి. బహుమతి (ఐదు లక్షల డాలర్లు), కంప్యూటరు శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారం లభించాయి. ఆ సంవత్సరమే భార్య బల్లార్డ్ మరణించింది. 2000 డిసెంబరులో అధ్యక్షుడు క్లింటన్ చేతులమీదుగా జాతీయ సాంకేతిక పతకం స్వీకరించాడు. 2007లో ఆయనకు అల్జీమర్స్ వ్యాధి ఉన్నట్లు తేలింది. 2008లో కారెన్ ఓలియరీని వివాహమాడాడు. 2013 జూలై 2న కాలిఫోర్నియాలోని అథర్టన్‌లో స్వగృహంలో, మూత్రపిండాలు పనిచేయకపోవడం వలన 88వ ఏట మరణించాడు.